నలభై రెండు డిగ్రీల మంచు

డిసెంబరు మొదటి సోమవారం,
రోళ్లు పగిలే ఎండలో
నేను మంచు కలుపుతాను.
రెండు పాళ్లు సుద్దపొడి, ఒక పాలు నీళ్లు,
గిన్నెలు తోమే సబ్బు నాలుగు చుక్కలు.
సబ్బు ఎందుకంటే
జనవరిలో తేలిగ్గా ఊడి రావాలి.

బ్రోకెన్ హిల్‌లో అద్దాలన్నీ నావే.
మందుల షాపుకి ఎర్రపళ్ల కొమ్మ,
మంగలికి గంటలు,
బ్యాంకువాళ్లు ఏమీ వద్దన్నారు.
జోరాన్ వూకసోవిచ్ మాంసం కొట్టుకి మాత్రం
ఏటా ఒక కొండ, మూడు ఫర్ చెట్లు,
పొగగొట్టం ఉన్న ఇల్లు.

లోపలి వైపు నుంచే వేస్తాను.
బయట వేస్తే
సాయంత్రానికల్లా ఎర్రదుమ్ము నాకేస్తుంది.
లోపలినుంచి వేయడమంటే
అక్షరాలు వెనక్కి నడవాలి,
ఆఖరి మెరుపు మొట్టమొదట పడాలి,
ముందు కిటికీలో దీపం వెలగాలి,
దాని చుట్టూ తర్వాతెప్పుడో
ఇల్లు కట్టుకోవాలి.

నేను మంచు చూడలేదు.
నాన్న దిగిన గనిలో
పైకంటే ఉడుకు ఎక్కువట.
నాకు తెలిసిన చలల్లా
జోరాన్ ఫ్రీజరు తలుపు తీసినప్పుడు
మడమల మీదికి పాకే ఆవిరి.

పదకొండేళ్లు అతనేమీ అనలేదు.
పన్నెండో ఏడు
కత్తి దిమ్మ మీద పెట్టి
చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.
"కోరలీ, ఇది పిండి."
"ఏది?"
"ఇదంతా. మంచు తెల్లగా ఉండదు.
పొద్దు వాలితే నీలం. గోడ నీడన నీలం.
మనిషి నడిచిన గుంటలో
ఇంకా నీలం."

నా డబ్బాలో వేలు ముంచి
ఆరిన తెలుపు మీద
గుమ్మం నుంచి చెట్ల వైపు
అడుగులు అద్దాడు.
చిన్నవి. పిల్లల బూట్లంత.
చెట్ల దగ్గర ఆపేశాడు.

"ఎవరివి?" అన్నాను.
అతను అప్పటికే గల్లా వైపు తిరిగాడు:
"చాప్స్ ఎన్ని కొట్టమంటారు, మిసెస్ ట్రెగెన్నా?"

చెప్పాలనుకున్నాను,
నీలం ముందు పడాలయ్యా, తెలుపు తర్వాత,
ఇలా వేస్తే వీధిలోకి కనపడదని.
బయటికెళ్లి చూశాను.
కొండ ఉంది, చెట్లున్నాయి,
ఎవరూ నడవని మంచు ఉంది.
లోపలికొచ్చి దిమ్మ పక్కన నిలబడితే
అడుగులు కనిపించాయి.
ఇక చెప్పలేదు.

జనవరిలో బకెట్టు, బ్లేడు పట్టుకెళ్లాను.
కొండ పొట్టుపొట్టుగా రాలింది,
పొగగొట్టం, ఇల్లు, దీపం
మురికినీళ్లై కాలవలో పోయాయి.
జోరాన్ అటు తిరిగి
ఎముకలు కొడుతూనే ఉన్నాడు.
నేను బ్లేడు అక్కడికి తెచ్చినప్పుడు
చప్పుడు ఒక్క దెబ్బ తప్పింది.

ఫిబ్రవరి గాలిదుమారానికి
ఊరు ఊరంతా ఇటుకరంగు.
మిసెస్ ట్రెగెన్నా గొడుగు కొసతో
బయటినుంచి అద్దం మీద తట్టింది:
"ఇక్కడ జానెడు మరక వదిలేశావు, కోరలీ."

"అవునండీ," అన్నాను,
"మరిచిపోయాను."