నాలుగు వడిసెలలు

సెలవు మూడు రోజులే.
లాప్‌టాప్‌లో మాత్రం ఇరవై ఏళ్ళ ఆకాశం ఉంది.
ఎన్ని స్క్వాడ్రన్లు కావాలి, ఎప్పటికి, ఎంత ఖర్చుకు.
అడ్డంగా విమానాలు, నిలువుగా సంవత్సరాలు,
కింద ఒక గడి ఎర్రగా మెరుస్తూ
కూడిక కుదరలేదని చెప్తోంది.

వెల్దండ దాటాక మా మేనత్త ఈదమ్మ జొన్నచేను.
కంకి పాలుపోసుకునే రోజులు.
మంచె మీద ఆమె పక్కన ఇరుక్కుని కూచుని
అలవాటు కొద్దీ అడిగాను:
"ఎన్ని వడిసెలలున్నయత్తా?"

"నాలుగు."
కాసేపాగి,
"రెండు తెగినయి. ఒకటి మీ బావ తీస్కపోయిండు, మల్ల తేలే.
కొట్టేది ఇదొక్కటే."

ఆఫీసులో ఈ మాట చెప్పడానికి
నాకు నలభై పేజీలు పట్టింది.
కొన్నవి వేరు, లేచేవి వేరని.
ఒక చిన్న సీలు కోసం పదకొండు నెలలుగా
షెడ్డులో కూచున్న వాటిని కూడా
కాగితం మీద ఎగరేస్తున్నామని.

పక్కన గంపలో మట్టి ఉండలు,
ఎండాకాలంలో పిసికి ఆరబెట్టినవి.
మూడు వారాలకు సరిపోతాయట.
కావలి నాలుగు వారాలు.
"ఆఖరి వారం?"
"డబ్బా గొడ్త. అది పలిగితే అరుస్త."

పిట్టలు పొద్దుగాల వస్తాయి, మళ్ళీ పొద్దుమీకి.
నడుమ అవి చెట్లల్ల పంటయి, ఈమె మంచె మీద పంటది.
సిబ్బంది విశ్రాంతి అని
నేను అనుబంధంలో ఎక్కడో తోసేసిన అధ్యాయం
నోరు తెరిచి గురక పెట్టింది.

సాయంత్రం వడిసెల గిర్రున తిరిగింది.
గుంపంతా ఒక్కసారి లేచి, వంగి, మాయం.
"పోయినయి" అన్నాను, మనసులో సున్నా వేసుకుంటూ.
"ఏడికి వోయినయిరా?
పెంటయ్య చేన్లకు వోయినయి.
పెంటయ్య కొడితే మల్ల ఈడికే."
నా మోడల్‌లో గీత దాటిన పిట్ట
లేనట్టే లెక్క.

చేను చుట్టూ రెండు సాళ్ళు సజ్జ.
సగం కంకులు బోసిగా ఉన్నాయి.
"ఇది నష్టం కింద రాయాల్నా?"
కొడవలి తిరగేసి పట్టుకున్నవాణ్ణి చూసినట్టు చూసింది.
"నష్టమెట్లయితది?
ఏసిందే వాటికి."

ఆ రాత్రి ఒక వరుస కొత్తగా చేర్చాను.
పోగొట్టుకోవడానికే పెట్టుకున్నది, ఐదు శాతం.

సోమవారం గ్రూప్ కెప్టెన్ వేలు అక్కడే ఆగింది.
"దీనికి ఆధారం?"
"క్షేత్ర పరిశీలన, సార్."
"ఏ క్షేత్రం?"
చెప్పాను. ఆయన నవ్వలేదు, కొట్టెయ్యనూ లేదు.
పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టి పేజీ తిప్పాడు.

అది ఇంకా అక్కడే ఉంది. ఎర్రగడి కూడా.

నిన్న ఫోన్ చేస్తే
అత్తకు గొంతు పెగల్లేదు, గాలి మాత్రం వచ్చింది.
ఉండలు అయిపోయినట్టున్నయి.
డబ్బా కూడా.