ముందొస్తే ఫైను

మా ఇంట్లో గోడ గడియారం
పది నిమిషాలు ముందు నడుస్తుంది.
పెట్టింది నేనే.
ఆ సంగతి ముగ్గురికీ తెలుసు గనక
దాని మాట ఎవరూ నమ్మరు.

తెల్లారి నాలుగుంబావుకి మునిశేఖర్
ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ మిద్దె దిగుతాడు,
కొండకు పోయే తొలి బస్సుల్లో ఒకటి ఆయన చేతిలో.
ఆరింటికి నేను మిక్సీలో చెనిగ్గింజలు వేస్తాను.
ఊరిబిండి తిరిగే ఆ కాసేపట్లో
లిఖిత రెండో జడ సగమవుతుంది.
ఏడూ నలభైకి కొర్లగుంట మలుపులో స్కూలు ఆటో హారన్,
ఎనిమిదిన్నరకి రుయా ల్యాబులో
ఎవరి మోచేతి మడతలోనో నరం వెతుకుతూ నేను.

రాత్రి ఎనిమిదింటికే ఆయనకు నిద్ర.
నాకు పదకొండు.
మంచం ఒకటే, రాత్రులు వేరే.
మాట్లాడుకునేది ఎక్కువ క్యారియర్‌లో చీటీలతోనే:
"ఉర్లగడ్డ అయిపోయింది."
"ఫీజు కట్టినా."
"పాపకి దగ్గు."

మొన్న ఆసుపత్రిలో మాకో క్లాసు పెట్టారు.
టై కట్టుకున్న పిల్లోడు, పెళ్లయినట్టు లేదు,
"మీ రోజుని పావుగంటలుగా రాయండి మేడమ్" అన్నాడు.
రాసినాను.
బట్టలు, బియ్యం, అత్తకు ఫోను, గ్యాసు బుకింగు,
డైరీలో సంతకం, చార్టు పేపరు, పాప తలలో పేలు.
కూడితే ఇరవై ఆరు గంటలొచ్చినాయి.
పక్క సీటు గజలక్ష్మి తొంగిచూసి
"నిద్ర రాయలేదే" అనింది.

ఆ కాయితం తెచ్చి ఫ్రిజ్ తలుపుకి అంటించినాను.
లిఖిత గళ్లకి రంగులేసింది,
అమ్మకి పసుపు, నాన్నకి ఖాకీ లేదని మట్టిరంగు.
నీ రంగేదే అంటే
"ఇందులో నా పేరు లేదు గదమ్మా,
నా పేలుండాయి" అనింది.

ఆదివారం అన్నం తింటూ ఆయన ఊరికే చెప్పినాడు:
కొండ దిగే కార్లకి పైన టైమేసి చీటీ ఇస్తారంట.
ఆ నిమిషాలు కాకముందే కింద గేటు కాడికొస్తే ఫైను.
ఎవరో ఒకాయన గబగబా దిగేసి,
గేటుకి ఇవతల బండి ఆపుకొని
టైమయ్యేదాకా బఠానీలు నములుతూ కూచున్నాడంట.
ఆయన నవ్వి చెయ్యి కడుక్కున్నాడు.
నా ముద్ద నోటి దగ్గరే ఆగింది.
బిన్నా పోతే తప్పయ్యే రోడ్డు
ఇదే ఊర్లో ఉండిందా?

మంగళవారం ఆటో రాలేదు.
పర్మిషన్ పెట్టి నేనే పోయినాను.
నడుస్తుంటే చెప్పులో రాయని ఒకసారి ఆగింది,
వెల్డింగు మెరుపులని ఒకసారి.
గోడమీది పోస్టరు మేక తింటుంటే ఇంక కదల్లేదు.
"అమ్మా, దానికి కాయితం ఇష్టమా, వెనకుండే మైదానా?"
బిన్నా రా, అనే మాట నాలిక చివరికొచ్చేసింది.
మింగి,
బ్యాగులోంచి ఖాళీ ల్యాబు చీటీ తీసి
గోడకానించి రాసినాను:
స్కూలు గేటు 4.10. ఇల్లు 4.55. ముందొస్తే ఫైను.

"ఫైను ఎవురికి కట్టాల?"
"నీకే."
ఒక్క క్షణం ఆలోచించి
"అయితే పరిగెత్తుదాం దా!" అని చెయ్యి పట్టి లాగింది.

రూలు మార్చేలోపల సగం దూరం ఉరికినాం.
నలభై ఎనిమిదికే మా వీధి మలుపు.
కుప్పమ్మ అంగడి అరుగుమీద కూచున్నాం,
ఐదు రూపాయల బఠానీలు, ఒక పొట్లం.
మేక సంగతి తేలలేదు.
నాకు మైదా మీద అనుమానం, తనకి కాయితం మీద.

ఆ రాత్రి కూర లేదు.
పొద్దుటి ఊరిబిండి, పెరుగు.
యూనిఫాం ఉతకలేదు, నిన్నటిదే దులిపి తగిలించినా.
చీటీని ఏమనుకున్నానో ఏమో
ఆయన క్యారియర్‌లో, ఊరగాయ గిన్నె కింద పెట్టినాను.

మర్నాడు సాయంత్రం అది తిరిగొచ్చింది,
నూనె మరకతో,
వెనకవైపు ఆయన వంకర రాతతో:
"ఏడు నిమిషాలు యాడ ఆపినారు?"