రేపటి దర్జీ

జ్ఞానాపురంలో చర్చి వెనక సందు,
మూడు గజాల కొట్టు నాది.
బోర్డు మీద పేరు ఎప్పుడో వెలిసిపోయింది గానీ
"రేపు రమ్మనే టైలరు" అంటే చాలు,
ఆటోవాళ్ళు సరిగ్గా గుమ్మంలో దింపుతారు.

మా అమ్మమ్మ వాళ్ళూళ్ళో
రేపు రమ్మని తలుపుల మీద సున్నంతో రాసేవారట,
దెయ్యమొచ్చి చదువుకుని తిరిగి వెళ్ళిపోయేదట.
దెయ్యానికి చదువుంది, ఓపికుంది.
నా దగ్గరికొచ్చే ఆడవాళ్ళకీ ఉండేది,
మొన్నటి మాఘం దాకా.

నూకరత్నం గారి పట్టుగుడ్డ.
వంకాయరంగు, చిలకపచ్చ అంచు.
మేనకోడలి పెళ్ళికి.
మెడ దగ్గర ఒకటిన్నర అంగుళం ఎక్కువ తెగింది.
తప్పు కత్తెరది కాదు, చెవికీ భుజానికీ మధ్య ఇరికించిన ఫోనుది
అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.
మడిచి అట్టపెట్టెలో పెట్టి
పైన లైనింగు ముక్కలు కప్పి
వాటి మీద పాత క్యాలెండరు,
దాని మీద నా అన్నం క్యారేజీ.

ఆవిడ సందు మొదట్లో కనబడితే
నాకు టీ దాహం వేసేది.
వెనక గుమ్మంలోంచి జారి, రైలు పట్టాల దాకా పోయి
గూడ్సు పెట్టెలు లెక్కపెట్టేవాణ్ణి.
యాభై ఎనిమిది, యాభై తొమ్మిది.
బొగ్గంతా వెళ్ళిపోయేది, నేనక్కడే.
పెళ్ళయిపోయింది. ఆవిడ రావడం మానేసింది.
నా టీలు మాత్రం తగ్గలేదు.

ఒక్క జాకెట్టు మొహం చూడలేక
మిగతా పదకొండూ ముట్టుకోలేదు.
రాత్రిళ్ళు పైకప్పు చూస్తుంటే
దాలమ్మ అడిగేది, "ఏటైనాది నీకు?"
"ఏటీ నేదు. రేపు సెప్తాను."

శ్రావణంలో ఓ పొద్దున్న కరెంటు లేదు.
ఫోను చచ్చిపోయింది.
చూడ్డానికింకేమీ లేక మిషన్ని చూశాను.
రాత్రికి రాత్రి పోర్టు పంపిన నల్లదుమ్ము
దాని వీపు మీద, చక్రం మీద,
వేలితో పేరు రాయగలిగినంత మందాన.
తుడిచాను. అంతే.
నూనె మూడు చుక్కలు. సూదిలోకి దారం.
చిత్తుగుడ్డ మీద జానెడు కుట్టు,
ఎవరిదీ కాని కుట్టు,
వంకరపోయినా అడిగేవాడు లేనిది.

మర్నాడు మళ్ళీ దుమ్ము.
మా పేటలో ఈ పని ఎప్పటికీ పూర్తవదు.
పూర్తవదు గనకే భయపెట్టదు.
ఫోను గూట్లో పెట్టి, చెంబుడు నీళ్ళు తాగి,
పాత గుడ్డతో ఓ తుడుపు, మూడు చుక్కలు, జానెడు.
వారం తిరిగేసరికి
జానెడు దాటాక కూడా కాలు ఆగనంది.
పదకొండు తొమ్మిదయ్యాయి, తొమ్మిది ఆరయ్యాయి.
మధ్యలో నాలుగు రోజులు జారిపోయాను,
దాచడం దేనికి,
వాయుగుండమని వంక పెట్టాను.
అది ఒడిశా పోయింది, నేను మంచం మీదే ఉన్నాను.
అయిదో రోజుకి దుమ్ము ఇంకొంచెం మందం. అంతే తేడా.

అలాంటి ఓ పొద్దున్న, జానెడు అయ్యాక,
క్యారేజీ తీశాను. క్యాలెండరు తీశాను. లైనింగు ముక్కలు.
ఏడు నెలలు నా ఛాతీ మీద కూర్చున్న తప్పు
అరచెయ్యి పెడితే
కింద దాగిపోయింది.

కాన్వెంట్ జంక్షన్ మీదుగా నడిచే వెళ్ళాను.
తలుపు తీసింది. గుడ్డ చూసింది, మెడ చూసింది,
తర్వాత నన్ను.
పక్కవాటా వాళ్ళు కిటికీ తీసేంత గట్టిగా తిట్టింది.
"తప్పు కోసినావని కాదురా నాయినా,
నన్ను సూసి పారిపోనావు సూడు, అందుకు.
కొట్టు కాళీగుంటే నీకేటైపోనాదోనని
ఎంత బెంగెట్టుకున్నానో."

నీళ్ళిచ్చింది. ఇంకో విడత తిట్టింది.
గుడ్డ అటూ ఇటూ తిప్పి
"మనవరాలికి గౌనవుద్దా?" అంది.
అవుతుందండీ అన్నాను.
"ఎప్పటికి?"

నాలుక చివరికి వచ్చేసింది
ఇరవయ్యేళ్ళ మాట.
మెళ్ళో టేపు తీసి,
పాపనిలా తెమ్మన్నాను.