బొక్కలు

గడియారం చౌరస్తల
టైర్ల దుకాణం మీద రెండో అంతస్తు.
పన్నెండు కంప్యూటర్లు, ఒకటే ఫ్యాను.
మిషిన్‌కు మన మాట నేర్పే కొలువు నాది.

ఎవలెవలో మాట్లాడిన గొంతులు చెవులల్ల పడ్తయి.
ఇన్నది ఇన్నట్టు అది రాసుకుంటది,
కింద గడిల పుస్తకం తెలుగుల అర్థం చెప్తది.
ఒప్పయితే పచ్చమీట. తప్పయితే దిద్దాలె.
నిమిషం గొంతుకు నాలుగు రూపాయలు.
దగ్గు, తుమ్ము, ఏడుపు, కుక్క మొరుగుడు,
అన్నిటికి ఒకటే డబ్బ: ఇతర శబ్దం.
వాటికి పైసల్లెవ్వు.

మొదట్ల దానికేం తెల్వకుండె.
"పైలం బిడ్డా" అని ఒక ముసలమ్మ అంటే
"పైలాన్ బిడ్డ" అని రాసింది.
సాగర్ పోయొచ్చినట్టున్నదని నవ్వుకున్నం.
"యాష్టకొచ్చింది" అంటే యాష్‌ట్రే తెచ్చి పెట్టింది.
"చిన్నపోరి లెక్క," అంటది తబస్సుం మేడం,
"నువ్వేది చెప్తే అదే దానికి లోకం."
రేపు దవాఖాన్ల డాక్టరు కంటె ముందుగాల
ఇదే ఇంటదట మన బాధ.
ఇంటది, రాస్తది, ఏ గదికి పోవాల్నో చెప్తది.
అందుకే పైలం, అన్నది.

రెండువేల రెండు వందల పద్నాలుగో ఫైలు.
మగ. అరవై ఒకటి. మర్రిగూడ దిక్కు.
పేరు ఇనవడొద్దు, అది రూలు.
ఆయన మొదలే పేరుతోటి ఎత్తుకున్నడు:
"నేను ఐతరాజు శంకరయ్యను. ఇనవడ్తున్నదా?"
పేరు మీద కూత పెట్టి తుడిచిన.
"ఇనవడ్తున్నదా" మిగిలింది.

"బొక్కలు నొస్తున్నయి బిడ్డా."
కింద గడిల:
రంధ్రాలు నొప్పిగా ఉన్నాయి.

నవ్వొచ్చింది. నిజం చెప్తున్న, నవ్విన.
అవతలి గొంతు ఆగలే.

"రెండు వందల ఫీట్లకు పడకపాయె.
నాలుగు వందలకు పోయినం.
ఆరు వందల కాడ బుస్సున లేసినయి నీళ్ళు,
ఊరంత కొబ్బరికాయలు కొట్టినం.
తియ్యగున్నయని తాగినం.
పోరగాండ్ల పండ్లు పచ్చవడ్డయి.
నా మెడ తిరగది. ఎవలన్న పిలిస్తే
మనిషినంత తిరగాలె.
భూమికి పొక్క వొడిచినం బిడ్డా,
బొక్కలకొచ్చింది."

భూమికి రంధ్రం చేశాము,
రంధ్రాలకు వచ్చింది.

పొక్కకు, బొక్కకు పెదవులొక్క తీర్గనే కలుస్తయి.
గొంతు వణికితే బొక్క. వణకకుంటే పొక్క.
గంతే తేడా.

ఐదో తరగతిల నేను బొక్క అన్నందుకు
క్లాసంత నవ్విండ్రు.
ఎముక, ఎముక, ఎముక అని
యాభైసార్లు రాయించిండు సారు.
ఇయ్యాల నేను ఇంకోదానికి సారును.
దిద్దిన: ఎముకలు.
ఆ వారమంత గదే మాట, గదే దిద్దుడు.
మిషిన్ నేర్చుకున్నది. దానికి సిగ్గు లేదు,
ఒక్కసారికే వస్తది.

పదిరోజులకు కొత్తది దింపిండ్రు.
తెలివైంది. పైలం తెలుసు, నిమ్మలం తెలుసు.
అచ్చంపేట కెల్లి ఒకామె
పత్తిచేను సంగతి చెప్తున్నది:
"బోరు పొక్కల సుక్క లేదు."
అది రాసింది:
బోరు ఎముకలో చుక్క లేదు.

చెయ్యి మౌసు మీదనే ఉన్నది.
తప్పే. దిద్దకుంటే ఆమెను
బొక్కల డాక్టరు కాడికి తోలుతది.
దిద్దిన.
దిద్దిన గని, డబ్బల నీళ్ళు గిలాసల వొంపుకొని
చానసేపు తాగలే.

శంకరయ్య ఫైలు ఇంక మూతవడలే.
ఆఖర్న తొమ్మిది సెకన్లున్నది.
ఇంట్లకెల్లి ఎవలో పిలుస్తరు.
కుర్చీ కిర్రుమంటది.
ఒక కాలు. ఆగుడు. ఇంకో కాలు.
మనిషి మొత్తం తిరిగిన చప్పుడు.
మాటలెవ్వు.

తెర మీద అడుగుతనే ఉన్నది:
ఇతర శబ్దం. అవునా, కాదా.
తబస్సుం మేడం రెండుసార్లడిగింది.
నేనింక నొక్కలే.