ఎనిమిదో కొండ

పోర్ట్ హెడ్‌లాండ్‌లో మా వంటింటి కిటికీలోంచి చూస్తే
ఉప్పు కొండలా కనబడుతుంది. కొండలా ఏమిటి, కొండే.
ఇనప దుమ్ముకి ఊరంతా ఎర్రబడుతుంది,
అదొక్కటే తెల్లగా నిలబడుతుంది.
మా ఆయన పేరు ఏడుకొండలు.
"ఎనిమిదోది నేనే కడుతున్నా" అంటాడు,
రోజంతా దాన్ని పోసి వచ్చి
గడప బయట బూట్లు దులుపుకుంటూ.

ఇరవయ్యారో వారంలో నా చెప్పులు నన్ను వద్దన్నాయి.
చీలమండ మీద వేలితో నొక్కితే గుంట పడింది,
చాలాసేపు గుంటగానే ఉంది,
తడి ఇసుకలో పీత ఖాళీ చేసిన ఇల్లులా.
ఎవరూ చెప్పలేదు. నేనే మానేశాను.
ఆవకాయ సీసా ఫ్రిజ్‌లో వెనక్కి పోయింది.
కొట్లో సూపు డబ్బాలు తిప్పి సోడియం అంకె చూసి
మళ్ళీ అరలో పెట్టేశాను.
పప్పన్నం తింటే సున్నం కొట్టిన గోడ నాకినట్టుండేది.
నాలుక మొదటి వారం అలిగింది,
తర్వాత మాట్లాడటమే మానేసింది.

నేను పనిచేసేది ఆసుపత్రి ల్యాబ్‌లో.
ఊళ్ళోవాళ్ళ రక్తం గిర్రున తిప్పి
పైన తేలిన గడ్డిరంగు నీరు వేరుచేసి
పెర్త్ విమానం ఎక్కిస్తాను.
ఆ బుధవారం ఒక గొట్టం మీద నా పేరే రాసుకున్నాను.
చేతిరాత కొంచెం వణికింది.

పదకొండు రోజులకు ఫలితం.
రెనిన్ ఎక్కువ.
ఆల్డోస్టెరాన్ గీత దాటి, ఇంకా దాటి.
దొంగతనం చేసి దొరికినట్టు కూర్చున్నాను.

మిడ్‌వైఫ్ బ్రోన్విన్ టీ కప్పు పక్కన పెట్టింది.
"కడుపుతో ఉన్నప్పుడు ఇవి ఎలాగూ పెరుగుతాయమ్మా.
నువ్వు ఉప్పు కట్టేశావు, ఇంకా గట్టిగా అరుస్తున్నాయి.
వాపు తగ్గిందా?"
లేదు.
"మరి?"

ఆ రాత్రి నిద్ర పట్టక
లోపలి సంసారం లెక్క వేసుకున్నాను.
ప్రొజెస్టెరాన్ చేతికి ఎముక లేదు,
ఉన్న ఉప్పు వచ్చినట్టే బయటికి దానం చేసేస్తుంది.
మూత్రపిండం గుమ్మంలో నిలబడి కేకేస్తుంది.
ఆ కేక చేతులు మారి, పేర్లు మారి,
దాని నెత్తినే కూర్చున్న చిన్న గ్రంథికి వినపడుతుంది.
అప్పుడు ఆల్డోస్టెరాన్ కొంగు బిగించి లేస్తుంది,
పోయేదాన్ని దారిలో ఆపి
రవ్వ రవ్వ ఏరి మళ్ళీ రక్తంలో వేస్తుంది,
నెలాఖరున పోపులపెట్టె అడుగున
చిల్లర తడుముకునే ఇల్లాలిలా.
ఇంటిఖర్చు ఇవ్వడం మానేసింది నేను,
ఆవిడెందుకు అంత కంగారు పడుతోందని
కాగితం పట్టుకుని అడుగుతున్నదీ నేనే.

అటు మడుల్లో వీళ్ళు
ఎండకి నీళ్ళు పోగొట్టి ఉప్పు మిగుల్చుకుంటారు.
ఇటు నాలో ఎవరో
ఉప్పును పట్టుకుని నీళ్ళు నిలబెట్టుకుంటున్నారు,
కిలోంపావు మనిషికి రక్తం చాలాలని.

మర్నాడు రాత్రి కంచం ముందు కూర్చుని
"అది ఇటు" అన్నాను.
ఏదని అడగలేదు.
మాదీ వాళ్ళదీ చినగంజాం కొఠార్ల పక్క ఇళ్ళే,
చీకటి పడ్డాక దాని పేరెత్తరు,
చేతిలో చెయ్యి పెట్టి ఇవ్వరు, తగాదాలొస్తాయని.
డబ్బా తెచ్చి మూత తీసి బల్ల మీద పెట్టి
రెండడుగులు వెనక్కి జరిగాడు,
పేలుడు సామాను పెట్టినట్టు.
నవ్వొచ్చింది.
చిటికెడు వేసుకున్నాను, అందరూ వేసుకునేంతే.
నాలుక అలక మానిందని చెప్పను గాని
రెండోసారి వడ్డించమంది.

కాళ్ళు ఇంకా వాచే ఉన్నాయి.
ఎదురు కుర్చీ మీద చాపుకుని చూస్తే
లైట్ల కింద కన్వేయర్ నడుస్తోంది,
కొండ మీద కొండ రాలుతోంది.
బ్రోన్విన్ ఇచ్చిన బీపీ పుస్తకంలో
రేపటి గడి ఖాళీగా ఉంది.