నూట పన్నెండో రేకు

పెయిప్సీ సరస్సు మీంచి గాలి లేవకముందే
మొదలుపెట్టాలి.
మేకు పీకే ప్రతి చోటా ముందు నీళ్లు చల్లాలి.
తడిసిన ఆస్బెస్టాస్ రేకు నోరెత్తదు.
పొడి రేకు మాత్రం
ముప్పై ఏళ్లాగి మాట్లాడుతుంది.

మాస్కు కావాలంటే గడ్డం తీసెయ్యాలన్నాను.
కిప్రియాన్ ముసలాయన చూసిన చూపు
మీరు చూసుండాల్సింది.
బొడ్డు దాకా గడ్డం.
దాని కోసమే వాళ్ల తాతముత్తాతలు
ఏదో జారు కాలంలో పన్ను కట్టారట,
కట్టలేనివాళ్లు ఊళ్లొదిలి
ఈ నీటి ఒడ్డుకి చేరారట.
"ఇప్పుడు నీ రబ్బరు మూతి కోసం తీస్తానా?"

నేనూ తగ్గలేదు.
వెంట్రుక మందం సందు చాలు దానికి,
అది వెంట్రుక కన్నా సన్నం.

కప్పు వేసింది తనేనట.
డెబ్బై ఒకటిలో,
లెనిన్‌గ్రాడ్ సంతలో ఉల్లి అమ్మిన డబ్బుతో,
నూట పన్నెండు రేకులు.
"ఎక్కించిన చేతులే దించాలి" అంటాడు.
నేను మారుమాట్లాడకుండా
పెరడు మధ్యలో పసుపు టేపు కట్టాను.
అటు మీరు. ఇటు మేం.

టేపుకి అవతల, గాలి వచ్చే వైపు
పీట వేసుక్కూచున్నాడు.
కూచున్నవాడు ఊరుకోలేదు.

"ఎడమ నుంచి మూడోది, మేకు వంకర.
లాగకు, తిప్పు."
"పొగగొట్టం పక్కది ఎప్పుడో పగిలింది,
నాచే పట్టుకుని ఉంది దాన్ని.
కింద చెయ్యి పెట్టండి."
రైవో చెయ్యి పెట్టాడు.
నిజంగానే నాచు.

పదమూడేళ్లుగా ఈ పనిలో ఉన్నాను,
ఇంత గుట్టుగా దిగిన కప్పుని చూళ్లేదు.

పదకొండింటికి టీ తెచ్చి గీత మీద పెట్టాడు.
తాగకూడదని తెలుసుకుని తనే తాగాడు.
"రంపంతో కోసేవాణ్ణి. ఫెతీన్యా ఆ చివర పట్టుకునేది.
ఇద్దరం పిండిమరలో కూలీల్లా తేలేవాళ్లం.
సాయంత్రం నా చొక్కా గుమ్మం బయట దులిపేది,
ఇంట్లోకి దుమ్ము రాకూడదని."

అక్కడ ఆపేశాడు.
నా పంపులో నీళ్లు అయిపోయాయి.
అయిపోకపోయినా
నింపుకు రావడానికి వెళ్లేదాన్నే.

రెండు పొరల ప్లాస్టిక్కు, మడతల మీద టేపు,
పైన ఎర్ర చీటీ.
సాయంత్రం లెక్కపెట్టాను. రైవో మళ్లీ లెక్కపెట్టాడు.
"నూట పదకొండు!" మాస్కులోంచి అరిచాను.

ముసలాయన మోకాళ్లు రాసుకున్నాడు.
లేచాడు.
పొద్దున్నే మేం ఉల్లిమడి మీద కప్పిన పట్టా
ఒక మూల పైకెత్తాడు.

మడి గట్టుకి, మట్టిలో సగం దిగి,
అంచు అరిగి పోగులు పోగులుగా విచ్చుకున్న
బూడిదరంగు రేకు.
"ఒకటి మిగిలింది. పారెయ్యడమెందుకని
ఆవిడే పాతింది."

తల్లి చేయని మేలు ఉల్లి చేస్తుందంటారు.
యాభై ఏళ్లుగా
ఆ రేకుకి వీపానించి పెరుగుతోంది ఈ ఉల్లి.
ఎర్రగా, గట్టిగా,
సంతలో ఎవరూ వంక పెట్టలేనట్టుగా.

టేపు జరిపాను.
మడి మా వైపుకి వచ్చేసింది.
పీట వెనక్కి జరుపుకున్నాడు, ఒక్క మాట లేదు.
దీనికి మేకులు లేవు కదా,
చెప్పడానికేమీ లేదు.
మట్టిని తడిపి, వేళ్లతో తవ్వి,
పదకొండు ముక్కలుగా తీశాం.
ఆ చుట్టూ జానెడు మట్టి కూడా సంచిలోకే.
దాంతోపాటు కొన్ని ఉల్లిపాయలు.
అవి లెక్కపెట్టలేదు.

సూటుని లోపల్నుంచి బయటికి ఒలుచుకోవాలి.
మాస్కు ఆఖర్న.
అది ఊడగానే మొహానికి కొట్టింది
సరస్సు వాసన, చేపలు పొగబెట్టిన వాసన.

గీత దగ్గర నిలబడి ఉన్నాడు,
చేతిలో ఒక ఉల్లి జడ.
"వంటింట్లోది" అన్నాడు నేనడక్కుండానే.
"అటక మీదిది కాదు."

తీసుకున్నాను.

వ్యాను తిప్పుతూ అద్దంలో చూశాను.
బకెట్లో చెయ్యి ముంచి
గడ్డం తడుపుకుంటున్నాడు,
కొస నుంచి పైకి, నెమ్మదిగా,
దులపకుండా.