మూడో గుంజు

ఒక గుంజు గుంజితే తాడు వదలాల.
రెండు గుంజితే పైకి లాగాల.
పద్నాలుగేండ్లుగా మా ఇద్దరి మధ్యా
నీళ్ళలోంచి నడిచే భాష ఇంతే.

కార్వేటినగరం పక్కన మామిడితోట బాయి.
డెబ్బై అడుగుల లోతు, అందులో సగం నీళ్ళు.
క్లాంపు ఊడి మోటారు పడిపోయిందని
మునస్వామి నాయుడు కబురు పెట్టినాడు.
గంగులప్ప చెవుల్లో నూనెదూది దోపుకున్నాడు.
నడుముకు తాడు కట్టినాను.
ముడి నాది, ఇంకెవుర్నీ ముట్టనీను.
దూకినాడు.
ఊపిరి ఆయనది, లెక్క నాది.

అరవై దాటినాక
ఒక గుంజు.
ఇంకొకటి.
ఇంకొకటి.

మూడుకు మా దగ్గర మాట లేదు.

అరచేతుల తోలు లేచిపోయేట్టు లాగినాను.
పైకొచ్చినాడు, మోటారు లేదు, మొగాన రంగు లేదు.
మెట్టు మీద కూచోని చానాసేపటికి అన్నాడు:
"మోటారును ఏందో పట్టుకోనుంది మే."

కొరమీను కాదంట. జెల్ల కాదు, మార్పు కాదు.
ఒళ్ళంతా తాటిమాను బెరడు,
నోరు మొగానికి కాదు, పొట్టకిందికి,
ఆ నోటితో ఇనుమును కరుచుకోనుందంట.
"చేపకు రెప్ప వుండదు గదా,
ఇది నన్ను చూసి కన్నార్పింది."

రెండోసారి దిగి కొక్కెం తగిలిస్తే
మోటారుతో పాటే వచ్చింది. వదల్లా.

గట్టు మీద జనం.
గంగమ్మే అనింది ఒకామె, కొంగు తలమీదికి లాక్కోని.
కూరకు పనికొస్తదా అన్నాడు నాయుడు.
పుత్తూరులో రంగుచేపలమ్మే మస్తాను
బండి ఆపి చూసి నవ్వినాడు:
"అద్దాలపెట్టెలో పాచి నాకే చేప అక్కా ఇది.
వేలంత వున్నప్పుడు నలభై రూపాయలు,
మూరెడైతే ఎవురికీ చోటుండదు.
చంపను మనసు రాక చెరువులో వదిలేస్తారు.
దీని దేశం సముద్రాలకవతల."

తుపాను ఏడు చెరువు పొర్లి
ఈ బాయిలో కలిసింది గదా, అప్పుడొచ్చింటాదన్నారు.
మళ్ళీ నీళ్ళలో వెయ్యొద్దన్నాడు మస్తాను,
మన చేపల గుడ్లు మిగలనియ్యదంట.

అరగంటైంది.
ఎర్రమట్టిలో, ఎండలో, చావలా.
ఒకసారి కన్నార్పింది. నేనూ చూసినాను.
గంగులప్ప చేతికి గడ్డపార ఇచ్చినారు.
కింద పెట్టేసి తాడు చుట్టుకోవడం మొదలుపెట్టినాడు,
తడితాడు, చుట్ట మీద చుట్ట, తలెత్తకుండా.
కొట్టింది నేను.

మోటారుకు రెండువేలు చేతిలో పెట్టినారు.
చేప లెక్క ఎవురూ ఎత్తలా.

బస్సులో అడిగినాడు,
"ఇంకమీదట మూడు గుంజితే ఏందని మే?"
కిటికీ బయట చెరుకు తోటలు పోతావున్నాయి.
పసుపు పెట్టినా చేతులు మండతానే వున్నాయి.
ఏం చెప్పలా.

మొన్న వెదురుకుప్పం బాయిలో
నలభై లెక్కకాడ ఒకటి. రెండు.
రెండంటే లాగాల.
మూడోది వస్తుందేమోనని
ఒక్క లెక్క
ఆగినాను.